ఓడ కప్పు కింద ఒడ్డు పండుగ

నీలవేణి నదిని అడ్డంగా ఈది కనకశృంగ నగరపు రేవులో కాలు పెట్టేసరికి తరంగుడి ఒంట్లో ఓపిక అడుగంటింది. మూడు రోజులుగా కంటికి కునుకు లేదు, రెండు రోజులుగా కడుపులో మెతుకు లేదు. గబ్బిలాల కొండ మీద రాక్షస గద్దతో పెనుగులాడినప్పుడు చీరుకుపోయిన భుజం ఇంకా మండుతూనే ఉంది. అయినా గాలిలో కాగుతున్న గుగ్గిలం వాసన తగలగానే ఆ పడవలు చేసే కుర్రవాడి ముఖం వికసించింది. ఆ వాసన రేవు పక్కనే ఉన్న తమ దీవివాడలో ఏడాదికి ఒక్కరోజే వస్తుంది.

"అమ్మయ్య! పండుగ ఇంకా మొదలవలేదు," అనుకున్నాడు. మరుక్షణమే తాను మోసుకొచ్చిన కబురు గుర్తొచ్చి అడుగు వేగం పెంచాడు.

ఆ కబురు చెప్పేముందు ఆ పండుగ సంగతి చెప్పాలి. చెప్పకుండా ముందుకు పోతే దీవివాడ వాళ్ళు నన్ను గుమ్మం తొక్కనివ్వరు. వాళ్ళకు తమ పండుగంటే అంత గర్వం, ఆ గర్వంలో తప్పేమీ లేదు.

మూడు తరాల కిందట నడిసముద్రంలో మౌక్తిక ద్వీపమనే చల్లని రాజ్యం ఉండేది. ధూమ్రకేశుడనే మాంత్రికుడి కోపానికి అది ఒక్క పగటిలో కడలి పాలైంది. మిగిలిన జనం ఒకే ఒక్క ఓడలో, ఒకే ఒక్క శంఖంతో బయటపడి, నలభై రోజులు నీళ్ళ మీద తేలి, చివరికి ఈ రేవు చేరారు. అప్పుడు ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్న ఒక ముసలమ్మ వాళ్ళను చూసి జాలిపడి, తన ఇంట్లో ఉన్న గంజి అంతా తెచ్చి పోసింది. పాపం, ఆ ఇంట్లో ఆ పూట ఉప్పు లేదు. ఆ చప్పిడి గంజి తాగిన ఓడ సరంగు రెండు చేతులూ జోడించి, "అమృతం, తల్లీ!" అన్నాడు. ఆ రోజే ఒడ్డు పండుగ.

నాటి నుంచి ఏటేటా ఆ రోజున ఇంటికొక కుండ చొప్పున వండి చావడికి తెస్తారు. వండేవాళ్ళు రుచి చూడకూడదు. తమ కుండలోది తాము తినకూడదు. ఎదుటివాళ్ళు వండినది ఎలా ఉన్నా, మాడినా, పచ్చిగా ఉన్నా, "అమృతం" అనాలి తప్ప ఇంకో మాట అనకూడదు. రుచి చూడకుండా వండిన వంటలెలా ఉంటాయో మీరే ఊహించుకోండి. అయినా మూడు తరాలలో ఆ చావడిలో మరో మాట వినిపించలేదు.

ఇక ఆ చావడి! డెబ్బై మూరల పొడవున, ఇరవై నాలుగు టేకు స్తంభాల మీద బోర్లించిన ఓడే దాని పైకప్పు. వాళ్ళను ఒడ్డు చేర్చిన ఆ ఓడే అది. అందులో ఒక్క మేకు లేదు, స్తంభాలకు కొబ్బరిపీచు మోకులతో కట్టారు. పండుగనాటి ఉదయం ఆ మోకులన్నీ విప్పి కొత్తవి కడతారు, ఓడల్లోకి నీరు చొరకుండా పూసే గుగ్గిలం కప్పుకు పూస్తారు. నగరం వైపు స్తంభాలు ఎత్తు, నది వైపువి పొట్టి. అందుకని కప్పు ఏటివైపు వాలి ఉంటుంది. "ఇంటి కప్పుకు గుగ్గిలమేమిటి? చూరు వంకరేమిటి?" అని నగరం వాళ్ళు నవ్వుతారు. "మా తాతలు అలా కట్టారు, మేం అలాగే ఉంచాం," అని వీళ్ళు తల ఎగరేస్తారు. అంతకుమించి కారణం వాళ్ళకూ తెలియదు.

ఆ ఉదయం చావడి కన్నులపండువగా ఉంది. స్తంభాలకు గవ్వల దండలు, దూలాలకు చేపల ఆకారంలో మడిచిన తాటాకు తోరణాలు, నేల మీద తెల్లని ఇసుకలో అలల ముగ్గులు. నడుమ ఎర్రపట్టు పరిచిన పీట మీద పాలనురుగు రంగులో మెరిసిపోతున్న సాగరఘోష శంఖం. ఈ ఏడు దానికి తోడు మరో విశేషం ఉంది. కనకశృంగాన్ని ఏలే చంద్రచూడ మహారాజు మొట్టమొదటిసారి దీవివాడ పండుగ భోజనానికి వస్తున్నాడు. ఆడవాళ్ళు మూడు రోజులుగా ఆ మాటే చెప్పుకుని మురిసిపోతున్నారు.

తరంగుడు చావడి వెనకనున్న వంటసాలలోకి దూరాడు. అక్కడ మేనత్త గవ్వలమ్మ పొయ్యి మీద పెద్ద కుండలో చేపల పులుసు కుతకుతలాడుతోంది. మనిషి కనబడలేదు గాని పెరట్లోంచి గొంతు వినబడింది.

"ఎవరక్కడ? ఎవరైతేనేం, ఆ పులుసులో ఉప్పెయ్యండి! నా చేతులు పిండిలో ఉన్నాయి!"

తరంగుడు ఉప్పుకుండలో చేతులు పెట్టి దోసెడు తీసి పులుసులో వేశాడు. ఇంతలో గవ్వలమ్మ కూతురు పగడాలు నీళ్ళబిందెతో లోపలికి వచ్చి, అతణ్ణి చూసి బిందె దించేసింది.

"బావా! బతికే ఉన్నావా? ఆ భుజమేమిటి అలా చీలింది?"

"భుజం సంగతి తర్వాత. ఈ మాట నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు పగడం," అని తరంగుడు గొంతు తగ్గించాడు. "గబ్బిలాల కొండ గుహలో ధూమ్రకేశుడు తన పెంపుడు గద్దతో మాట్లాడుతుంటే విన్నాను. వాడివాళ మన మనిషి రూపంలో పండుగకు వస్తున్నాడు. బహుశా వచ్చేసి ఉంటాడు కూడా."

పగడాలు నోటి మీద చెయ్యి వేసుకుంది. "శంఖం కోసమా?"

"దానికోసమే. సాగరఘోష ఎవరి చేతిలో ఉంటే సముద్రం వాడి మాట వింటుంది. బలవంతంగా లాక్కుంటే చెయ్యి బూడిదవుతుంది కాబట్టి మనమే మనస్ఫూర్తిగా ఇవ్వాలి. భోజనాలయ్యాక శంఖం అందరి చేతులూ మారుతుంది కదా, అప్పుడు పుచ్చుకుంటాడు. ముఖం, గొంతు, నడక, చేతుల పనితనం, అన్నీ ఆ మనిషివే ఉంటాయి. అసలు మనిషిని మాత్రం ఎక్కడో బంధించాడు. అతడి ఊపిరి ఆడుతున్నంతసేపే వీడి వేషం నిలుస్తుంది."

"అయితే పండుగ ఆపేద్దాం!"

"మూడు తరాలుగా ఆగని పండుగ ఆ దొంగవెధవ కోసం ఆపుతామా? పైగా వాడు అనుమానపడి జారుకుంటే, బందీగా ఉన్న మనవాణ్ణి ఎక్కడ వెతుకుతాం? వాణ్ణి ఇక్కడే పట్టాలి, వాడి నోటితోనే చెప్పించాలి."

పగడాలు కళ్ళు తుడుచుకుని కొంగు బిగించింది. మాట్లాడుతూనే అలవాటు చొప్పున దోసెడు ఉప్పు తీసి పులుసులో వేసింది. తల్లి చెప్పిన పని మరవదు ఆ పిల్ల. వాళ్ళిద్దరూ చావడి వైపు వెళ్ళగానే గవ్వలమ్మ పెరట్లోంచి వచ్చి, "పిలిస్తే పలికినవాళ్ళు లేరు, అన్నీ నేనే చేసుకోవాలి," అని గొణుక్కుంటూ మరో దోసెడు వేసింది. రుచి చూసే ఆచారమే ఉంటే ఆ కుండ చావడి గుమ్మం దాటేది కాదు.

చావడిలో మూడువందల మంది గుమిగూడారు. తరంగుడి చూపు వాళ్ళ మధ్య గాలించసాగింది. అందరికంటే ముందు తెడ్లు చేసే సోమయ్య మీద అనుమానం తగిలింది. సోమయ్య నోరు తెరిస్తే ఎదుటివాడి చెవులు పోటెత్తుతాయి. అలాంటివాడు మూలన కూచుని మూగవాడిలా నేల చూపులు చూస్తున్నాడు.

తరంగుడు ఒక మోకు తెచ్చి అతడి ఒడిలో పడేశాడు. "మామా, ఓ సరంగు ముడి వెయ్యి చూద్దాం."

ఎంత బరువు వేలాడినా జారనిది, కొస పట్టి లాగితే ఒక్క క్షణంలో ఊడివచ్చేది సరంగు ముడి. దీవి మనుషులకు తప్ప ఇంకెవరికీ అది పట్టుబడదు. సోమయ్య మాట్లాడకుండా రెప్పపాటులో ముడి వేసి ఇచ్చాడు. తరంగుడి అనుమానం ఇంకా పెరిగింది. చేతుల పనితనం కూడా మాంత్రికుడు దొంగిలించగలడని అప్పుడు గుర్తొచ్చింది!

"మాట్లాడవేం మామా? నీ పెద్దకూతురి పేరేమిటి?" అని నిలదీశాడు.

సోమయ్య దవడ పట్టుకుని నోరు తెరిచాడు. "ఒరే నాయనా, రెండు రోజుల్నించీ పన్నుపోటు! నా మానాన నన్ను వదిలెయ్యరా!" అని ఏడుపుముఖం పెట్టాడు. ఆ పన్ను నిజంగానే ఉబ్బి ఉంది. పగడాలు ఇంకోవైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

ఇంతలో బయట కాహళులు మోగాయి. చంద్రచూడ మహారాజు పాదుకలు గుమ్మంలోనే విడిచి, వెంట ఒక్క కొత్వాలును మాత్రం తీసుకుని లోపలికి వచ్చాడు. ఆయనకు ఎదురువెళ్ళిన పెద్దమనిషి సరంగు నీలయ్య. ఓడను ఒడ్డు చేర్చిన ఆ నాటి సరంగుకు మనవడు, దీవివాడకంతటికీ తాత. డెబ్బై ఏళ్ళు పైబడినా నిటారుగా నడుస్తాడు. తెల్లని గడ్డాన్ని రెండు పాయలుగా దువ్వుకుని, నీలి తలపాగా చుట్టుకుని ఆయన రాజుగారిని పీట మీద కూర్చోబెట్టాడు. వాడవాళ్ళ ఛాతీలు ఉప్పొంగాయి.

పగడాలు రాజుగారి కాళ్ళకు నీళ్ళిచ్చి, భయపడుతూనే అంది. "మహారాజా, ఇక్కడ ఏం తిన్నా అమృతమని ఒక్క మాటే అనాలి. అది మా ఆచారం."

"మా వంటవాళ్ళకు ఈ ఆచారం తెలిస్తే చాలా సంతోషిస్తారు," అని రాజు నవ్వాడు.

విస్తళ్ళు పరిచారు. ముప్పై రెండు కుండలు నడుమకు వచ్చాయి. ఏ కుండ ఎవరిదో తెలియకుండా మూతుల మీద ఒకే రకం ఆకులు కప్పారు. తరంగుడు వడ్డించే మిషతో వరసల మధ్య తిరుగుతూ ఒక్కొక్క ముఖాన్నే పరీక్షిస్తున్నాడు. అందరూ తనవాళ్ళే. చిన్నప్పటి నుంచి తనను ఎత్తుకున్న చేతులే. వీళ్ళలో ఒకరు తమవాళ్ళు కారంటే అతడి మనసు ఒప్పుకోవడం లేదు. భోజనాలు ముగిసేదాకానే గడువు. ఆపైన శంఖం కదులుతుంది.

ఆచారం ప్రకారం మొదటి వడ్డన అతిథికీ సరంగుకూ. గవ్వలమ్మగారి చేపల పులుసు వాళ్ళిద్దరి విస్తళ్ళలోనే ముందు పడింది.

రాజుగారు ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. మూడు దోసెళ్ళ ఉప్పు! ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, చెవులు ఎర్రబడ్డాయి, కంటి కొసల్లోంచి నీళ్ళు జలజల రాలాయి. పదహారు యుద్ధాలు గెలిచిన వీరుడు కాబట్టి తట్టుకున్నారు. గుటుక్కున మింగి, గొంతు సవరించుకుని, "అమృతం!" అన్నారు. చావడి అంతా ఒక్కసారి చప్పట్లు చరిచింది.

ఆ చప్పట్ల మధ్యే సరంగు నీలయ్య తన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"థూ! ఇది పులుసా, సముద్రమా? ఏ తలమాసినది వండిందిది?"

చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి. వడ్డిస్తున్న గరిటెలు గాలిలో నిలిచిపోయాయి. పిల్లతల్లులు పిల్లల నోళ్ళు మూశారు. మూడు తరాలుగా ఆ ఓడ కప్పు కింద ఎన్నడూ వినబడని మాట అది. నిరుడు ఇదే చావడిలో నీలయ్య బొగ్గులా మాడిన పాయసం తిని, అమృతమని చెప్పి, ఇంకో గరిటె వేయించుకున్నాడు. వండిన కొత్తకోడలు సంతోషంతో ఏడ్చింది. ఆ సంగతి అక్కడ ఉన్న ప్రతివాళ్ళకూ గుర్తుంది.

పన్నుపోటు సోమయ్య అందరికంటే ముందు లేచాడు. "ఈయన మన సరంగు కాడు!" అన్నాడు, దవడ పట్టుకునే.

"ఏం కూశావురా?" అని ముసలాయన గద్దించాడు. గొంతు అచ్చం నీలయ్యదే.

తరంగుడు గోడకానించిన తెడ్డు అందుకుని ఎదురుగా నిలబడ్డాడు. "గొంతు దొంగిలించావు, గడ్డం దొంగిలించావు. మా తాత మంచితనం నీకెక్కడ దొరుకుతుంది? మర్యాదగా చెప్పు ధూమ్రకేశా, మా తాతను ఎక్కడ దాచావు?"

ముసలాయన ఒక్క క్షణం ఆ మూడువందల ముఖాలూ చూశాడు. ఇక దాచి లాభం లేదని తెలిసిపోయింది. విరగబడి నవ్వాడు. నవ్వుతుండగానే అతడి ఒళ్ళు పెరిగి దూలాన్ని తాకింది. తెల్లగడ్డం రాలిపోయి గవదలు బయటపడ్డాయి. తలపాగా పిగిలి, దాని కిందనుంచి జుట్టుకు బదులు నల్లని పొగ పాయలు పాయలుగా లేచి చావడి అంతా కమ్ముకుంది. కళ్ళు రెండూ కణకణలాడే నిప్పుకణికలు. మెడలో పాముకుబుసాల హారం, వేళ్ళకు గద్దగోళ్ళ ఉంగరాలు. కొత్వాలు కత్తి దూయబోయి ఒరలోనే ఇరికించుకున్నాడు.

"తెలివితక్కువ జాలరుల్లారా! ఉప్పు వెయ్యడం కూడా చేతకాని మీరు నన్ను పడతారా?" అంటూ ధూమ్రకేశుడు అరచెయ్యి విసిరాడు. నిప్పుముద్ద ఒకటి తరంగుడి మీదకు దూసుకొచ్చింది. తరంగుడు తెడ్డుతో దాన్ని ఒక్క పెట్టు పెట్టి గుమ్మం అవతలకు కొట్టాడు. రెండోది వచ్చింది, తెడ్డు మధ్యకు కాలి విరిగింది. చేతిలో మిగిలిన మొండితో ముందుకు దూకి మాంత్రికుడి మోకాలు మీద బలంగా మోదాడు. ధూమ్రకేశుడు తూలి వెనక్కి పడబోతూ, నోట్లో మంత్రం గొణిగి, పొగగా మారిపోసాగాడు.

"పగడం! వాడు పొగైపోతే దొరకడు!"

పగడాలు చేతికి అందిన కుండ ఎత్తి సగం పులుసు అతడి కుడికాలి మీద కుమ్మరించింది. అది తన తల్లి కుండే. తల, చేతులు, మొండెం, ఎడమకాలు పొగలో కలిసిపోయాయి. ఉప్పు పట్టినచోట మంత్రం పారలేదు, పులుసులో నానిన కుడిపాదం మాత్రం చీలమండ దాకా కాలుగానే ఉండిపోయింది. మంత్రం మళ్ళీ చదివాడు, మారలేదు. మరోసారి చదివాడు, ఊహూఁ! నల్లని పొగమబ్బు చావడి గుమ్మంలోంచి బుస్సున బయటకు పోతుంటే దాని వెంబడే ఒంటిపాదం గాలిలో ఎగిరెగిరి పడుతూ పోయింది. ఆ గందరగోళంలోనూ పిల్లలు పకపక నవ్వారు.

ఆకాశంలోంచి గొంతు ఉరిమింది. "నవ్వండి! మీ నీలయ్య ఏటిమొగలో మొసలిబండకు కట్టేసి ఉన్నాడు. ఇక అతడి ఊపిరితో నాకు పని లేదు. పొద్దుగూకేవేళకు పోటు నీళ్ళు ఆ బండను ముంచేస్తాయి. మొసళ్ళు అంతదాకా ఆగితే అదృష్టమే!"

పోతూ పోతూ పొగమబ్బు రేవు మీద నిప్పుల వాన కురిపించింది. దీవివాడ పడవలు నలభై, రాజుగారి విహారనౌకలు మూడు, భగభగ అంటుకున్నాయి. జనం పరుగెత్తి నీళ్ళు చల్లేలోపే అన్నీ నీటిమట్టానికి కాలి కూలిపోయాయి.

సూర్యుడు అప్పటికే పడమటికి వాలాడు. ఏరు కడలిలో కలిసే ఆ ఏటిమొగ ఆమడ దూరంలో ఉంది.

"నా అశ్వదళాన్ని పంపుతాను," అన్నాడు రాజు.

"లాభం లేదు మహారాజా," అంది గవ్వలమ్మ, కళ్ళనీళ్ళు ఆగకుండా కారుతుంటే. "అక్కడికి పోయే దారంతా ఊబి. పడవ తప్ప దారి లేదు. అయ్యో, నా బాబాయి! అందరికీ అన్నం పెట్టాక తినే మనిషి, పండుగపూట పస్తున్నాడు కదమ్మా!"

ఆ మాటకు వాడ మొత్తం బావురుమంది. తరంగుడు ఏడవలేదు. ఆకాశంకేసి చూడబోయిన అతడి చూపు మధ్యలోనే చావడి కప్పు దగ్గర ఆగిపోయింది. గుగ్గిలం తాజాగా మెరుస్తోంది. ఉదయమే కట్టిన కొత్త మోకులు, ప్రతి మోకుకూ సరంగు ముడి. ఏటివైపు వాలిన చూరు, ఆ చూరు కింద పొట్టి స్తంభాలు, వాటి పక్కనే లోతైన నీళ్ళు.

"ఏడవకండి!" అని తరంగుడు కేకపెట్టాడు. "మనకు పడవ లేదని ఎవరన్నారు? మన తాతలు నలభై రోజులు సముద్రం మీద నడిపిన ఓడ మన నెత్తి మీదే ఉంది! కప్పుకు గుగ్గిలమేమిటని అందరూ నవ్వారే, ఇందుకే! చూరు వంకరేమిటన్నారే, ఇందుకే! ఏటేటా ముడులు విప్పి కట్టించారే, అదీ ఇందుకే! మళ్ళీ ఎప్పుడైనా అవసరం పడుతుందని వాళ్ళకు తెలుసు. మనకు చెప్పడం మరిచిపోయారు, అంతే!"

ఇక ఎవరూ ఎవరికీ చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఆడవాళ్ళు కొంగులు దోపారు. ముసలివాళ్ళు కర్రలు పారేశారు. శంఖాన్ని, కుండలను ఆరుబయటకు చేర్చారు. ఒక్కొక్క స్తంభం దగ్గర పదేసి మంది నిలబడి మోకుల కొసలు పట్టుకున్నారు. మిగిలినవాళ్ళు పొడవాటి వెదురు గడలు తీసుకుని నగరం వైపు ఎత్తు చూరు కిందకు చేరారు.

అక్కడ ఒక గడకు మనిషి తక్కువయ్యాడు. పట్టు ఉత్తరీయం నడుముకు బిగించి చంద్రచూడ మహారాజు వచ్చి ఆ గడ పట్టుకున్నాడు.

"ప్రభూ, తమరా?" అని కొత్వాలు నోరు వెళ్ళబెట్టాడు.

"ఈ కప్పు వంకరగా ఉందని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నానయ్యా," అన్నాడు రాజు. "నువ్వు కూడా ఉన్నావు. గడ పట్టుకో."

అందరూ తరంగుడి వైపు చూశారు. ఓడ కదలాలంటే సరంగు నోట ఒక మాట రావాలి. మూడు తరాలుగా ఆ మాట పలకవలసిన పని ఎవరికీ పడలేదు. తరంగుడు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒడ్డు విడూ!"

ఇరవై నాలుగు ముడులు ఒక్క లాగులో ఊడాయి. వెదురు గడలన్నీ ఒక్క పట్టున పైకి లేచాయి. కిర్రుకిర్రుమంటూ ఎత్తు చూరు ఇంకా ఎత్తుకు పోయింది. ఓడ పొట్టి స్తంభాల మీద పక్కకు ఒరిగి, ఒక్క క్షణం నిలువుగా ఆగి, గవ్వల దండలు, తాటాకు చేపలు జలజల రాలుతుండగా, ఫెళ్ళుమని బోల్తాకొట్టి నదిలో పడింది. తాటిచెట్టంత ఎత్తున నీళ్ళు లేచి రాజుతో సహా అందరినీ తడిపేశాయి. ఆ నీళ్ళు కిందకు దిగాక చూస్తే, డెబ్బై మూరల ఓడ అడుగు కిందకు, ముఖం పైకి పెట్టి, చుక్క నీరు చొరకుండా నిలబడి ఉంది. మూడువందల గొంతుకలు ఒక్కటై చేసిన జయజయధ్వానానికి కోట బురుజుల మీది పావురాలు లేచిపోయాయి. ఆ ఉదయం దాకా ఆ కప్పును చూసి నవ్విన నగరం వాళ్ళు గోడలెక్కి అరిచారు. దీవివాడవాళ్ళు ఏడుస్తున్నారో నవ్వుతున్నారో వాళ్ళకే తెలియలేదు.

ఎనభై మంది తెడ్లు పట్టి ఓడెక్కారు. పన్నుపోటు మరిచిపోయి సోమయ్య గొంతెత్తి పదం అందుకున్నాడు. ఒడ్డున మిగిలినవాళ్ళు వరస కట్టారు. సాగరఘోష శంఖం ఆచారం ప్రకారమే ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ వచ్చింది. వరసలో రాజుగారి చేతులు కూడా ఉన్నాయి. చివరికి గవ్వలమ్మ దాన్ని తరంగుడి చేతుల్లో పెట్టింది.

"సముద్రానికి మాట చెప్పాలంటే దీన్ని ఊదాలి, ఊదేది సరంగే. నువ్వు భద్రంగా ఆయనకు అందించు నాయనా," అంది.

"అందిస్తానత్తా. ఇది తాత పెదవులకు ఆనేదాకా కింద పెట్టను."

ఓడ నడిమి ప్రవాహం అందుకుంది. ముందు ఆకాశంలో నల్లని పొగమబ్బు, దాని కింద గంతులు వేస్తూ పోతున్న ఒంటిపాదం కనబడుతూనే ఉన్నాయి. దారి తప్పే ప్రసక్తే లేదు. దూరాన ఏటిమొగ దగ్గర పోటు నీళ్ళు తెల్లగా లేస్తున్నాయి. ఆ తెలుపు మధ్య చిన్న నల్లని చుక్క మొసలిబండ. దాని చుట్టూ నీటిమీద పొడవాటి వీపులు రెండు, మూడు, ఐదు తేలి మెల్లగా తిరుగుతున్నాయి.

తరంగుడు చుక్కాని బిగించి పక్కకు చూశాడు. పగడాలు ఓడ అంచున కూచుని ఒడిలో ఒక కుండను రెండు చేతులా పొదివి పట్టుకుని ఉంది. మూతి మీద ఆకు కప్పి ఉంది.

"ఏమిటది?"

"అమ్మ చేసిన పులుసే. సగం మిగిలింది."

"పగడం! మొసళ్ళ మధ్యకు పోతున్నాం. ఇప్పుడు ఆ ఉప్పు కషాయం ఎందుకు?"

పగడాలు కుండను ఇంకా దగ్గరకు లాక్కుంది.

"మాట జాగ్రత్త బావా, కాళ్ళ కిందికి వచ్చినా ఇది మన చావడి కప్పే. తాత ఈ పూట ఏమీ తినలేదు. ఆయన ఇది తిని అమృతమని అనాలి. అప్పటిదాకా మన పండుగ అయిపోనట్టే."

తరంగుడు వంగి, ఆకు తొలగించి, వేలితో పులుసు తీసి నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమృతం," అన్నాడు. ఓడను నేరుగా మొసళ్ళ మీదకు తిప్పాడు.